నాలుగో అర్థం

సరిగ్గా నాలుగూ పదికి టీ ఫ్లాస్కుతో ప్రెస్సులోకి వచ్చిన అమ్మాయికి తల్లి కనిపించలేదు.

కుర్చీ వెనక్కి జరిగి ఉంది. బల్ల మీద కళ్లజోడు ఉంది. ఫోన్ ఉంది. ఆయాసం వస్తే పీల్చే పంపు కూడా అక్కడే ఉంది.

ఆ పంపు చూశాకే అమ్మాయి పోలీసులకు ఫోన్ చేసింది. పక్కగదిలోకి వెళ్లినా దాన్ని గుప్పిట్లో పట్టుకునే వెళ్లే మనిషి తల్లి.

నాలుగూ ముప్పై ఐదుకి ఇన్‌స్పెక్టర్ జీపు దిగింది. అప్పటికే హెడ్ కానిస్టేబుల్ కేసు తేల్చేసి కూర్చున్నాడు. ఆయన ఏ కేసైనా టీ తాగేలోపు తేల్చేస్తాడు. తేలినవి మాత్రం తక్కువ.

"మిస్సయింది టీచరమ్మ, మేడమ్. రిటైరయి ఆరేళ్లు. ఈ ముందు గదిలో కూర్చుని ఇంగ్లిష్-తెలుగు నిఘంటువు రాస్తోంది. మాటకో కార్డు. ప్రెస్సుకి ఆదివారం సెలవు, ఆవిడకి లేదు."

"ఆఖరున చూసిందెవరు?"

"చిన్నాయన. అన్నదమ్ములిద్దరిదీ ఈ ప్రెస్సు. మూడుంపావుకి వ్యాను కాగితం రీములు తెచ్చింది. మూడూ ముప్పై రెండుకి వెళ్లిపోయింది. ఆయన వ్యాను పంపి చూసేసరికి టీచరమ్మ లేదట. పెద్దాయన మేడ మీద నిద్ర. రేపు తొమ్మిదింటి పరీక్షకి కొశ్చన్ పేపర్లు కూడా ఇక్కడే అచ్చేశారు. సీళ్లన్నీ సరిగ్గానే ఉన్నాయి."

"పంపు లేకుండా ఆవిడ ఎంతసేపు తట్టుకుంటుంది?"

సమాధానం అమ్మాయి చెప్పింది. "దుమ్ములో ఆయాసం మొదలైతే రెండు గంటలకు మించి కష్టమన్నాడు డాక్టర్."

ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకుంది. ఒక గంట అప్పుడే అయిపోయింది. ఆమెకూ భయమేసింది. పైకి కనపడనివ్వలేదు, అంతే.

హెడ్ గర్వంగా ఒక కార్డు అందించాడు. "బల్ల మీద దొరికింది. క్లూ ఇదే, మేడమ్."

పైన 'మిడిల్' అని ఉంది. కింద నల్ల సిరాతో: ఒకటి, మధ్య. రెండు, నడుమ. మూడు, నట్టనడి. వాటి కింద అంకె లేకుండా, పెన్సిల్‌తో, వంకరగా ఒక్క మాట.

'నడిపి'

"చూశారా? నడిపి అంటే అసమాపక క్రియ. వాక్యం పూర్తి కాలేదు. వ్యాను నడిపి... అని ఏదో రాయబోయింది. ఈలోపు లాక్కెళ్లారు. డ్రైవరు ఫోను స్విచాఫ్. చెక్‌పోస్టులన్నిటికీ చెప్పేశాను."

బళ్లో వ్యాకరణం అంటే పారిపోయిన మనిషికి ఈ వేళ వ్యాకరణం గుర్తొచ్చింది. వినడానికి బాగానే ఉంది. అదే ఇన్‌స్పెక్టర్‌కి నచ్చలేదు.

"బిల్డింగు వెతికారా?"

"మూలమూలా, మేడమ్. చిన్నాయనే దగ్గరుండి అన్నీ చూపించారు."

ఐదూ ఐదుకి డ్రైవరు దొరికాడు. ఐదుంపావుకి వ్యానుతో సహా ప్రెస్సు ముందు నిలబెట్టారు. వ్యానులో తాళ్లు తప్ప ఏమీ లేవు. వాడు ఏడుస్తున్నాడు.

"టీచరమ్మని ఏం చేశావురా?" అన్నాడు హెడ్.

"నాకేం తెలీదు సార్! చార్జింగు అయిపోయి ఫోను ఆగిపోయింది. పిల్లల మీద ఒట్టు!"

అమ్మాయి ఖాళీ వ్యానులోకి చూసింది. అంతవరకు కాస్త ఆశ ఉండేది. ఇప్పుడు గోడకి చేరగిలబడి నేల మీద కూలబడిపోయింది.

ఇన్‌స్పెక్టర్ ఆమె పక్కనే కూర్చుంది. "ఒక్కటి చెప్పమ్మా. మీ అమ్మ కార్డు మీద ఇలా పెన్సిల్‌తో రాస్తుందా?"

"రాస్తుంది. ఖాయమైన అర్థం సిరాతో. ఇంకా ఖాయం చేయనిది పెన్సిల్‌తో."

"అర్థాలు తప్ప ఇంకేమైనా రాస్తుందా? కబురో, గుర్తో?"

"చచ్చినా రాయదు. ఒకసారి నేను ఫోన్ నంబరు రాసుకున్నానని వారం రోజులు మాట్లాడలేదు."

ఇన్‌స్పెక్టర్ మళ్లీ కార్డు చూసింది. అయితే ఇది తెగిన వాక్యం కాదు. అర్థమే. నాలుగో అర్థం.

నడిపి.

ఒళ్లు ఝల్లుమంది. ఆమెకు ముగ్గురు మేనత్తలు. పెద్దత్త, నడిపత్త, చిన్నత్త. అందులో నడిపత్త పేరు చెబితే ఇంటిల్లిపాదికీ హడల్. పెద్దకీ చిన్నకీ మధ్య పుట్టినవాళ్లని నడిపి అనకపోతే ఇంకేమంటారు?

అందర్నీ మిషన్ల గదిలోకి పిలిచింది. ఐదూ ఇరవై రెండు.

"నువ్వు ఎంతమందిలో ఎన్నోవాడివి?" డ్రైవర్ని అడిగింది.

డ్రైవరు బిత్తరపోయాడు. "ఒక్కణ్ణే, మేడమ్."

"మీరు?"

"ఇద్దరం. అన్నయ్య, నేను," అన్నాడు చిన్నాయన వెంటనే. "ఇప్పుడీ ప్రశ్నలెందుకు మేడమ్? అవతల ఆవిడ ప్రాణం..."

పెద్దాయన మాత్రం తల దించుకున్నాడు. ఏదో చెప్పబోయి గుటక మింగాడు.

ఇన్‌స్పెక్టర్ ఆ గుటక చూసింది. గబగబా మేడ మెట్లెక్కింది. పైన ఆ అన్నదమ్ముల అమ్మ ఉంటుంది. ఎనభై దాటిన మనిషి. రెండు నిమిషాల్లో ఇన్‌స్పెక్టర్ మెట్ల మీదికి తిరిగొచ్చింది. వెనకే గోడ పట్టుకుని ముసలమ్మ వచ్చి నిలబడింది.

"నడిపీ!" అని పిలిచింది ముసలమ్మ.

"ఏంటమ్మా?" అన్నాడు చిన్నాయన.

అన్నాక గాని తెలియలేదు తనేమన్నాడో. హెడ్ నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది.

"మీరు ముగ్గురు," అంది ఇన్‌స్పెక్టర్ మెట్లు దిగుతూ. "ఆఖరివాడు తొమ్మిదేళ్లకే జ్వరంతో పోయాడు. ఆ తర్వాత అమ్మ బాధపడుతుందని ఇంట్లో నడిపి అనే మాట మానేశారు. మిమ్మల్నే చిన్న చేశారు. ముగ్గురికీ ట్యూషన్ చెప్పిన టీచరమ్మకి మీరు ఇప్పటికీ నడిపే. మీరు వీధి తలుపు గడియ వేసొచ్చేలోపు పెన్సిల్ తీసింది. పేరు రాస్తే చింపేస్తారు. అర్థం రాస్తే అర్థమే అనుకుంటారు. ఎక్కడుంది ఆవిడ?"

"నాకు తెలీదు."

"ఐదూ ఇరవై ఎనిమిది. ఆవిడ పోతే ఇది హత్య. ఎక్కడ?"

అమ్మాయి వచ్చి ఆయన చొక్కా పట్టుకుంది. "మావయ్యా, నీకు దణ్ణం పెడతాను. చెప్పు. చెప్పు!"

అప్పుడు డ్రైవరు ముక్కు తుడుచుకుంటూ అటు గోడ వైపు చూశాడు.

"మేడమ్, నేను రీములు గుమ్మం పక్కన దించాను. అక్కడికి ఎవరు మార్చారు?"

గోడకి ఆనించి మనిషెత్తు కాగితం కట్టలు. పెద్దాయన మొహం పాలిపోయింది.

"డార్క్‌రూమ్!" అని అరిచాడు. "ఆ వెనక ఫిల్ములు కడిగే పాత డార్క్‌రూమ్ ఉంది! పదిహేనేళ్లుగా తెరవలేదు. వెలుతురు కూడా దూరని తలుపు!"

వెలుతురు దూరని చోట గాలి మాత్రం ఏం దూరుతుంది? అందరూ కట్టల మీద పడ్డారు. హెడ్ రెండేసి రీములు లాగి పడేశాడు. డ్రైవరు ఆయనకంటే జోరుగా లాగాడు. పెద్దాయన తమ్ముడి జేబులోంచి తాళంచెవి తీశాడు. అది రెండుసార్లు చేజారింది.

ఐదూ ముప్పై నాలుగుకి తలుపు తెరుచుకుంది.

టీచరమ్మ గడప దగ్గరే ఒరిగి ఉంది. పెదాలు నల్లబడ్డాయి. అమ్మాయి తల్లి తల ఒళ్లో పెట్టుకుని పంపు నోట్లో పెట్టి నొక్కింది. ఒకసారి. రెండోసారి. ఏమీ లేదు. మూడోసారికి ఛాతీ ఎగిరింది. పిల్లికూత లాంటి ఊపిరి ఒకటి లోపలికి వెళ్లింది. అమ్మాయి బావురుమంది.

హెడ్ అంబులెన్సుకి ఫోన్ చేశాడు. చిన్నాయన చేతులకు బేడీలు పడ్డాయి. ఇక దాచడానికేమీ మిగల్లేదు. అమ్ముకోవడానికి ఆయన కొశ్చన్ పేపరు ప్రూఫుని, అంటే అచ్చుకి ముందు సరిచూసే కాగితాన్ని, ఫోటోలు తీస్తుంటే టీచరమ్మ చూసింది. అదీ సంగతి.

అంబులెన్సు వచ్చేసరికి టీచరమ్మకు కళ్లు తెరిచేంత ఓపిక వచ్చింది. మాట రాబోతుంటే అందరూ వద్దన్నారు. ఆవిడ వినలేదు. పిల్లలకు యాభై ఏళ్లొచ్చినా టీచరు టీచరే.

"ఎందుకురా నడిపీ?"

అంతసేపూ పోలీసులకు నోరు విప్పని మనిషి ఆ ప్రశ్నకు తల వంచుకుని జవాబిచ్చాడు.

"రేపు పరీక్ష మొదలవగానే తలుపు తీద్దామనుకున్నా, టీచర్. మీకేం కానివ్వకూడదనుకున్నా."

టీచరమ్మ ఒక్కొక్క మాటా ఊపిరి కూడగట్టుకుని అంది. "నీ చిన్నప్పుడు నాకు ఆయాసం వస్తే... పంపు కోసం... మా ఇంటికి పరిగెత్తింది నువ్వే కదరా."

మెట్ల మీద నుంచి ముసలమ్మ, ఏం జరిగిందో ఎవరైనా చెప్పండని అడుగుతూనే ఉంది.