నాలుగడుగుల దూరంలో చెయ్యి

1996 ఫిబ్రవరి. మధ్యాహ్నం మూడుంబావు.

అరసికెరె వేరుశనగ మిల్లు గోడౌన్‌లో హమాలీ బొమ్మన్న శవం బోర్లా పడి ఉంది. వీపు మీద బస్తాలు. కుడి చెయ్యి మాత్రం బయటికి చాచి ఉంది. పిడికిట్లో ఎర్ర తువ్వాలు.

సబ్ ఇన్‌స్పెక్టర్ ఈశ్వరప్ప వంగి చూశాడు. ముందు వరస బస్తాలు కూలాయి. వెనక వరస అలాగే నిలబడి ఉంది.

"కూలగానే పోలేదు," అన్నాడు డాక్టరు. "ఊపిరాడక పోయాడు. అరగంటైనా బతికే ఉంటాడు. అరవడానికి మాత్రం గాలి చాలి ఉండదు."

"ఎవరైనా చూసి ఉంటే బతికేవాడు," అన్నాడు ఈశ్వరప్ప.

కాయలు ఏరే సుంకమ్మ ముందుకొచ్చింది. "ఒకాయన చూసినాడు సార్. అన్నాల గంట కొట్టినాక, ఒకటీ ఇరవైకి, మేస్త్రి నారప్ప లోపలికి పోయినాడు. అంతా కలయజూసి, వచ్చి బీగం ఏసినాడు."

"వాళ్ళిద్దరికీ గొడవలేమైనా ఉన్నాయా?"

"పొద్దున్నే కొట్లాడినారు. తాగి తట్టుకొని పడతాంటావని బొమ్మన్న నలుగుర్లో నవ్వినాడు. మేస్త్రి వాని గొంతు పట్టుకొన్యాడు."

నారప్ప పారిపోలేదు. గోడకానుకుని నిలబడి ఉన్నాడు.

"లోపలికి పోయినావా?"

"పోయినా సార్."

"బొమ్మన్న కనపడలేదా?"

"లేదు."

"గుమ్మానికి నాలుగడుగుల దూరం. తువ్వాలు ఊపుతూనే ఉండుంటాడు. కనపడలేదా?"

నారప్ప రెండు చేతులూ ముందుకు చాచాడు. "నేనే సంపినానని రాసుకోండి సార్."

ఈశ్వరప్ప పెన్ను తియ్యలేదు. ఇంత తొందరగా ఎవరూ ఒప్పుకోరు. ఈ మనిషి దేన్నుంచో తప్పించుకోవడానికి జైలుకు పోతానంటున్నాడు.

నారప్ప భార్య ఓబమ్మ మిల్లు వాకిట్లో ఏడుస్తోంది.

"మీ ఆయన తాగుతాడా అమ్మా?"

"చుక్క గూడా ముట్టడు సార్. ఈ నడుమ ఊరికే బిందెలు తన్నుకొంటాండాడు. ఏందని అడిగితే కసురుకొంటాడు."

ఐదూ పది. శవాన్ని తీసుకెళ్ళాక ఈశ్వరప్ప అందర్నీ గోడౌన్‌కు పిలిచాడు. నారప్పను గుమ్మం లోపల నిలబెట్టాడు.

"ఎదురుగా ఏముంది?"

"బస్తాల వరస."

"గోడ గడియారంలో టైమెంత?"

"ఐదూ పది."

ఈశ్వరప్ప సైగ చేశాడు. కానిస్టేబుల్ చప్పుడు లేకుండా శవం ఉన్నచోటే నేలమీద పడుకుని, తువ్వాలు పట్టుకుని చెయ్యి ఊపాడు.

"ముందుకు నడువు."

నారప్ప నడిచాడు. కాలు ఆ చేతికి తగిలింది. ముందుకు పడ్డాడు.

"ఎదురుగా ఉన్నది చూస్తాడు. నేలమీద ఉన్నది కనపడదు," అన్నాడు ఈశ్వరప్ప. "నిలబడి ఉన్న వెనక వరస చూసి అంతా సరిగానే ఉందనుకుని బీగం వేశాడు. తాగనివాడు తూలుతుంటే మీరెవరూ ఎందుకని అడగలేదు. టైము చెప్పేవాడికి చూపు పోయిందని ఎవరనుకుంటారు?"

అందర్నీ బయటికి పంపించాడు. నారప్ప బనీను లోపలి నుంచి మడతపెట్టిన కాగితం తీశాడు. బెంగళూరు డాక్టరు చీటీ.

"ఎడమ కన్ను మొత్తం పోయింది సార్. కుడి కంట్లో కింద సగం నల్ల తెర మాదిరి. రెటీనాకు ఇన్ఫెక్షన్ అంట. ఒంట్లో రోగాన్ని అడ్డుకొనే శక్తి లేకనే అంట."

"దేనివల్ల?"

"ఎయిడ్స్."

"ఇది చూపిస్తే కేసులోంచి బయటపడతావు."

"కేసులోంచి పడతా. ఊర్లోంచి యాడికి పోయేది? ఓబమ్మను బోరింగు తాకనీరు. హంతకుని పెండ్లామంటే ఓర్చుకొంటారు సార్. దీన్ని ఓర్చుకోరు."

ఈశ్వరప్ప చీటీ మడిచి తిరిగిచ్చాడు.

"కంటి జబ్బని డాక్టరు సర్టిఫికెట్ తే. అంతవరకే రాస్తా. మిగతాది ఓబమ్మకు నువ్వే చెప్పాలి. ఆమెకూ పరీక్ష చేయించాలి."

ఓబమ్మను లోపలికి పంపి తను బయట నిలబడ్డాడు. చాలాసేపు నారప్ప గొంతే సన్నగా వినిపించింది. తర్వాత ఓబమ్మ గొంతు.

"కన్ను కనపడదని ఒక్క మాట చెప్పింటే ఆ మనిషి బతికుండేవాడు కదప్పా."

కొంగుతో మొహం తుడుచుకుంటూ ఆమె బయటికొచ్చింది.

"బెంగళూరు బస్సు పొద్దున ఎన్నింటికి సార్? ఇద్దరమూ పోవాల."