ఇరవై మూడు కొంగ పిల్లలు

పదిహేడో పిల్ల కూడా మెడ వాల్చేసింది.

తరన్నుమ్ దాన్ని ఒళ్లోకి తీసుకుంది. ముక్కు చివర నుంచి జిగట నీరు కారుతోంది. సన్నటి కాళ్లు కాసేపు గిలగిల కొట్టుకుని ఆగిపోయాయి.

"హన్మంతన్నా, డాక్టర్ సారు ఫోనెత్తిండా?"

"ఎత్తిండు. సమ్మెల ఉన్నడంట. జనగామ చౌరస్తాల కూసున్నడు. వద్దామన్నా బస్సుల్లేవు, బండ్లను కదలనిస్తలేరు. బొగ్గుపొడి నీళ్లల్ల కలిపి తాపుమన్నడు."

"తాపినం గదా!"

"గదే చెప్పిన. ఇంకేం చెయ్యాలె సారూ అంటే ఫోన్ పెట్టేసిండు."

అది రెండువేల పదకొండు. సకల జనుల సమ్మె మొదలై పదహారో రోజు. దేవరుప్పులకు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊరి చింతచెట్ల మీద ప్రతి వానాకాలం నత్తగొట్టు కొంగలు గూళ్లు కడతాయి. గాలివానకు గూళ్లలోంచి పడిపోయిన పిల్లల్ని హన్మంతు లాంటి ఊరి యువకులు సంఘంగా ఏర్పడి ఏరి తెచ్చి, వల కట్టిన రేకుల షెడ్డులో పెంచి, రెక్కలొచ్చాక వదిలేస్తారు. వాటి తిండికి రోజుకొకరు వంతులవారీగా నత్తలు ఏరుకొస్తారు. ఇదంతా మూడేళ్ల కిందట మొదలుపెట్టింది టైలర్ అబ్దుల్ సత్తార్ కూతురు తరన్నుమ్. ఈ ఏడాది షెడ్డులో ఇరవై మూడు పిల్లలున్నాయి. పొద్దున మేతకు నోళ్లు తెరిచి గోల చేశాయి. మధ్యాహ్నానికి ఇట్లా.

బయట మోటార్‌సైకిల్ ఆగింది. కబురందిన అజహర్ పరుగున వచ్చాడు. చేతిలో సూదుల పొట్లం.

"జరగుండ్రి. తరన్నుమ్, రెక్కలు గట్టిగా పట్టుకో."

అతను ఒక్కో పిల్లకూ సూది వేస్తూ పోయాడు. రెండు పిల్లలు అతని చేతుల్లోనే పోయాయి. నాలుగు మాత్రం కాసేపటికి తలెత్తి గుడ్లు మిటకరించాయి.

ఆ నాలుగింటినీ గోనెపట్టా మీద పడుకోబెట్టాక తరన్నుమ్‌కు అనుమానం వచ్చింది.

"ఏ సూది కావాల్నో నీకెట్ల తెలుసు?"

"నేను పురుగుమందుల దుకాణమోణ్ని. గుళికల విషం గిట్లనే ఉంటది."

"గుళికలా? ఈ చెరువు కింద ఎవ్వరికీ అమ్మనని మాటిచ్చినవ్."

అజహర్ మూలనున్న నత్తల బక్కెట్ వైపు చూశాడు. దగ్గరికి వెళ్లి వంగి, లోపలికి తేరిపార చూశాడు. తర్వాత దాన్ని నల్లా కిందికి తీసుకుపోయి రుద్ది రుద్ది కడిగాడు. తిరిగి వచ్చి దాన్ని మూలన బోర్లించాడు.

"అమ్మిన," అన్నాడు. "ఒక్క సంచి. మడి నీళ్లు కాల్వల పడ్డట్టున్నయి. పిల్లలు తాగే మీ తొట్టికి కాల్వ నీళ్లే గదా. తప్పు నాది."

హన్మంతు అతని కాలర్ పట్టుకున్నాడు.

తరన్నుమ్ మాత్రం అబద్ధమని చెప్తాడేమోనని అతని కళ్లలోకి చూస్తూ ఉండిపోయింది.

* * *

ఈ అజహర్‌తో ఆమె మొదటిమాటే కొట్లాట. పోయినేడు, ఇట్లాంటి ముసురులోనే, నీళ్లు కారే గొడుగుతో అతని దుకాణంలోకి వచ్చింది.

"గుళికలున్నయా?"

"ఎన్ని సంచులు కావాలె మేడం?"

"ఉన్నయన్నీ. తీసుకపోయి బొంద పెడ్త."

"గట్లయితే దుకాణం బంద్ చేసుకోవాలె నేను."

"కొంగ పిల్లలు ఎగిరేదాంక చేసుకో."

"అప్పటిదాంక నేనేం తినాలె?"

"నత్తలు తిను. మా కొంగలు తింటలేవా?"

తర్వాతి ఆదివారం అతను మోకాళ్లదాకా బురదతో షెడ్డు దగ్గరికి వచ్చాడు. చేతిలో బక్కెట్ నిండా నత్తలు.

"వండుతవా? పచ్చియే తినమంటవా?" అన్నాడు.

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వితే ఓడిపోయినట్టని వెనక్కి తిరిగి నవ్వింది. అతను అది కూడా చూశాడు.

ఈ రంజాన్ పండుగ తర్వాత రెండు ఇళ్లవాళ్లూ కూర్చుని మంగ్నీ చేశారు. ఉంగరం పెట్టి వారం తిరిగేసరికి సమ్మె మొదలైంది.

ఇవాళ పొద్దున కూడా, రోడ్డు మీద సమ్మెవాళ్ల వంటావార్పు దగ్గర, పొగకు కళ్లు నలుపుకుంటూ గరిటె తిప్పుతున్న అజహర్ ఆమెను చూసి ఆశ్చర్యపోయాడు.

"నత్తల వంతు నీదే గదా? పదకొండు దాటితే గాని రావనుకున్న. గింత జల్దీ ఎట్లొచ్చినవ్?"

"నీ కిచిడీ మాడుతున్న వాసన ఊళ్లెదాంక వచ్చింది. ఆర్పుదామని ఉరికొచ్చిన."

"నా కోసం వచ్చిన అంటే నీ సొమ్మేం పోతది?"

"పోతది. చూడు, అడుగంటుతుంది!"

ఆ మాటలకు అయిదు గంటలు కూడా కాలేదు. ఇప్పుడు షెడ్డు ముందు పందొమ్మిది పిల్లలు వరసగా పడి ఉన్నాయి. పైన చింతకొమ్మల మీద పెద్దకొంగలు ఏమీ తెలియనట్టు ముక్కులు టకటకలాడిస్తున్నాయి.

సాయంత్రం సత్తార్ కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి కూతుర్ని పిలిచాడు.

"మాట తప్పినోడికి బిడ్డనెట్ల ఇయ్యాలె బేటీ? రేపు పది గంటలకు చెట్ల కాడ అందరు జమైతున్నరు. ఉంగరం గూడ అక్కడనే ఇచ్చేస్త."

తరన్నుమ్ ఉంగరం తీసి ఇచ్చింది. అది సులువుగా రాలేదు. సబ్బు రాసి తీయాల్సి వచ్చింది.

* * *

ఎవరికి అమ్మావని అడిగితే అజహర్ ఆ రైతు పేరు చెప్పలేదు. ఆ పేరు తెలిస్తే తప్ప తన కోపం తీరదనిపించింది ఆమెకు. తెల్లారి వానలోనే పొలాలకు బయల్దేరింది. మూడో గట్టు మీదే దొరికాడు రైతు యాకయ్య.

"నేనే బిడ్డా," అన్నాడు, దాచకుండా. "మొగిపురుగు పడి మడి సగం పాయె. రెండుసార్లు పోతే ఎల్లగొట్టిండు ఆ పిలగాడు. తర్వాత తనే వచ్చి పొలం చూసిండు. నా ఏడుపు చూడలేక ఒక్క సంచి ఇచ్చిండు. మొన్న మాపటికి చల్లిన."

"నీళ్లెందుకు వదిలినవ్ కాకా?"

"నేనా! చుక్క వదల్లే. మూడొద్దులు నీళ్లు ఆపుమని ఒట్టు పెట్టించుకున్నడు. చూడరాదు, మడవ కట్టిన మట్టి కట్టినట్టే ఉన్నది."

తరన్నుమ్ చూసింది. మడవ నిజంగానే మూసి ఉంది. కాలువలోకి దారే లేదు.

మరి అజహర్ నీళ్లని ఎందుకన్నాడు?

"మందు చల్లిన మడికి ఎర్రగుడ్డ కట్టాలె గదా కాకా. మా సంఘం పెట్టిన కట్టుబాటు. అదన్నా కట్టినవా?"

"మీ నాయిన దగ్గరికే పోయిన. ఎర్రది అయిపోయిందన్నడు. ఉద్యమం జెండాలు కుట్టంగ మిగిలిన గులాబీ ముక్క ఇచ్చిండు. ఏదైతేంది, గుడ్డ గుడ్డే అని కట్టిన. అగో."

కర్రకు కట్టిన గులాబీ గుడ్డ వానకు తడిసి వేలాడుతోంది.

తరన్నుమ్ దాన్ని గుర్తుపట్టింది. నిన్న పొద్దున ఆ గుడ్డను చూసింది. ఊరంతా జెండాలే, పొలానికి కూడా కట్టారని ముచ్చటపడింది. ఆ గుడ్డ కిందే గట్టు పొడవునా నత్తలు బారులు తీరి ఉన్నాయి. చెరువు మత్తడి దగ్గర రెండు గంటలు వంగి ఏరాల్సినవి పావుగంటలో బక్కెట్ నిండాయి. ఏరుతున్నంతసేపూ ఆమె మనసు రోడ్డు మీద వంటావార్పు దగ్గరే ఉంది.

"కాకా... నత్తలు గట్టు మీదికి ఎందుకొస్తయి?"

"మందు పడ్డ నీళ్లల్ల నత్త నిలువది బిడ్డా. పైకి పాకుతది. సేద్యం చేసెటోళ్లకు అందరికి ఎరుకే. అవి ఎవ్వరు ముట్టరు."

టైలర్ బిడ్డకు సూది తెలుసు, దారం తెలుసు. మడి తెలియదు.

బక్కెట్‌లో అజహర్ ఏం చూశాడో ఇప్పుడు అర్థమైంది. గట్టు బురదలో ఊదారంగు గుళికలు అక్కడక్కడా మెరుస్తున్నాయి. బక్కెట్‌కు అంటిన ఇలాంటివాటినే నిన్న నల్లా కింద రుద్ది రుద్ది కడిగేశాడు.

* * *

ఆమె చేరేసరికి చెట్ల కింద ఊరు సగం ఉంది. వాన సన్నగా పడుతోంది. అజహర్ తల దించుకుని నిలబడి ఉన్నాడు. సత్తార్ చేతిలో ఉంగరం.

"ఇయ్యాల్టి నుంచి నీ దుకాణం మెట్లు ఈ ఊరోడు ఎక్కడు," అంటున్నాడు హన్మంతు. "ఈ షెడ్డు దిక్కు గూడ రావొద్దు."

"రాను అన్నా."

"ఆగుండ్రి!"

అందరూ తిరిగి చూశారు. నడుం దాకా బురద, రొప్పుతున్న మనిషి. అజహర్‌కు ఒక్క చూపులో తెలిసిపోయింది.

"తరన్నుమ్, ఇంటికి పో," అన్నాడు మెల్లగా.

"బక్కెట్ ఎందుకు కడిగినవ్?"

"గలీజుగ ఉండె. కడిగిన."

"నన్ను చూసి చెప్పు."

అతను చూశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇక ఆమెకు మాత్రమే వినబడేట్టు అన్నాడు.

"నువ్వు లేకపోతే ఈ పిల్లల్ని ఎవ్వరు పట్టించుకుంటరు? తెలిస్తే నువ్వు మళ్ల పిట్టను ముట్టవు. నేనంటే దుకాణమోణ్ని. నన్ను తిడితే ఎవ్వరికేం పోతది?"

"నాకు పోతది."

"నీకు పాణం పోయినట్టయితది చెప్తే. వద్దు. నీకు దండం పెడ్త."

"నువ్వు అమ్మిన్నని నిన్ననే ఒప్పుకున్నవ్. నీ తప్పు అంతే. మిగిలింది నీది కాదు." ఆమె ఇంకో అడుగు దగ్గరికి జరిగింది. "నా తప్పు నీ మీద ఏసుకుని నన్ను చేసుకుంటే, రోజూ నీ మొహం ఎట్ల చూడాలె అజహర్?"



షెడ్డులోంచి మిగిలిన నాలుగు పిల్లలు ఆకలికి అరుస్తున్నాయి. హన్మంతుకు ఓపిక నశించింది.

"ఏందమ్మా ఈ గుసగుసలు? ఈయన కాకపోతే మరి ఎవరు చంపిండ్రు? పేరు చెప్పు, అందరు వింటరు."

తరన్నుమ్ తండ్రి వైపు చూసింది. సత్తార్ గుప్పిట్లో ఉంగరం బిగిసింది. ఆమె మొహం మీది వాననీళ్లు తుడుచుకుని, వెనకున్నవాళ్లకు కూడా వినబడేలా గొంతెత్తింది.

"గట్టు మీది నత్తలు ఏరింది, వాటిని ఒక్కొక్క పిల్లకు నా చేతులతో తినిపించింది నేను. కొంగ పిల్లల్ని చంపింది టైలర్ సత్తార్ బిడ్డ, తరన్నుమ్."