మరిగించిన మజ్జిగ

ప్రొఫెసర్ విశ్వేశ్వరరావు చావడానికి మూడు రోజులు పట్టింది. కర్మన్‌ఘాట్‌లో ఎవరో అందించిన గ్లాసెడు చెరుకు రసం తాగాడు. ఆసుపత్రిలో వైరల్ ఫీవర్ అని రాశారు.

నాలుగో రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక జిరాక్స్ షాపు మీది గది తలుపు తట్టాడు ఏజెంట్ మహిపాల్.

"కణానికి పవర్ హౌస్?" అంది లోపలి గొంతు.

"మైటోకాండ్రియా."

తలుపు తెరుచుకుంది. చీఫ్ శ్రీరామమూర్తి బోర్డు మీద రెండు గొలుసులు గీసి ఉంచాడు.

"ప్రొఫెసర్‌ని చంపింది ఇదే. ఒక ప్రొటీన్. మొదటి గొలుసు కణానికి అతుక్కుని దారి చేస్తుంది. రెండోది లోపలికి దూరి రైబోజోముల్ని పాడుచేస్తుంది. కణం ఇక కొత్త ప్రొటీన్ తయారుచేసుకోలేదు. యాంటిడోట్ లేదు."

"టార్గెట్?"

"రేపు ఎల్బీనగర్ చౌరస్తాలో వంటా వార్పు. తెలంగాణ కోసం నాలుగు వందల మంది రోడ్డు మీదే వండుకుని తింటారు. వాళ్లు చస్తే ఆంధ్రావాళ్లే విషం పెట్టారంటారు. సిటీ తగలబడుతుంది. ఈ ప్రొటీన్ తెచ్చిన విదేశీ ముఠాకి కావలసింది అదే. అందుకే అక్కడ విషం అన్న మాట వినపడకూడదు. గొడవ జరక్కూడదు."

"ఎందులో కలుపుతారు?"

"పప్పులో. జ్యోతిక కబురు పంపింది."

జ్యోతిక ముఠాలో డిపార్ట్‌మెంట్ నాటిన మనిషి.

మహిపాల్ ఆరు నెలలుగా ఒక కోచింగ్ సెంటర్‌లో బాటనీ లెక్చరర్ వేషంలో ఉన్నాడు. మీర్‌పేట్‌లో లచ్చమ్మ ఇంట్లో కిరాయికి ఉంటున్నాడు. రేపటికి కడవెడు మజ్జిగ తెస్తానని ఆమె ఊళ్లో అందరికీ చెప్పింది.

మర్నాడు మధ్యాహ్నం చౌరస్తాలో ఏడు పొయ్యిలు మండుతున్నాయి. మహిపాల్ తన పెన్ను మొన పప్పులో ముంచాడు. లోపలి థర్మామీటర్ తొంభై ఎనిమిది డిగ్రీలు చూపించింది.

అతని చెయ్యి ఆగిపోయింది. ఈ వేడికి ఆ ప్రొటీన్ మడతలు విడిపోతాయి. ఆకారం పోతే దాని పనీ పోతుంది. ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చిది కాదు. పప్పు అబద్ధం. జ్యోతిక అబద్ధం.

అక్కడ పొయ్యి ఎక్కనిది ఒక్కటే ఉంది.

"దా సారూ!" లచ్చమ్మ కేకేసింది. "పొద్దుగాల గీ పిల్లనే ఒచ్చి నాతోని మజ్జిగ చిలికింది. జర సూడు, ఎంత సక్కగున్నదో!"

నల్లకళ్లద్దాలు, నీలం పట్టుచీర. జ్యోతిక మొదటి గ్లాసు బందోబస్తు కానిస్టేబుల్‌కి అందిస్తోంది. గ్లాసు అతని పెదవి తాకబోయింది.

మహిపాల్ దాన్ని లాక్కుని కడవలో పోశాడు. కడవ ఎత్తి, సొరకాయ ముక్కలు ఉడుకుతున్న డేగిసాలో మొత్తం కుమ్మరించాడు.

"మజ్జిగ పులుసు చేద్దాం, అమ్మా!"

"నీ సదువు సల్లగుండ! ఎండల తాగుతరని తెస్తే పొయ్యిల పోస్తవా? పోరగాళ్లకు ఏం సెప్తున్నవో ఏమో!"

జనం నవ్వారు. గంటసేపు మరగనిచ్చాడు. మొదటి విస్తరి జ్యోతికకి పెట్టి, ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"తిను."

ఆమె తాపీగా తింది. వేలు కూడా నాకింది.

"మంచిగ మరిగింది సారూ. అందరు బతుకుతరు," అంది మెల్లగా. "గానీ నీ ముసల్ది ఇంటికాడనే ఉప్పు సూస్తనని గిలాసెడు తాగింది. నేనే పోసిన."

మహిపాల్ తిరిగి చూశాడు. లచ్చమ్మ పై పెదవి మీద తెల్లటి చార ఆరిపోయి ఉంది. ఆమె అతని మీద చాడీలు చెబుతూ వడ్డిస్తోంది.

జ్యోతికని జీపు ఎక్కించారు. లచ్చమ్మకి అతను ఏమీ చెప్పలేదు. చెప్పకూడదు. చెప్పినా చేసేదేమీ లేదు.

మూడో రోజు ఆసుపత్రిలో వైరల్ ఫీవర్ అని రాశారు.

శ్రీరామమూర్తి ఫైలు ముందుకు తోశాడు. "ప్రాణనష్టం లేదు" అన్న వాక్యం కింద సంతకానికి ఖాళీ ఉంది.

"వైరల్ ఫీవర్లు మన పరిధిలోకి రావు, మహిపాల్."

మహిపాల్ సంతకం పెట్టాడు. పులుసు తిన్న నాలుగు వందల మందిలో ఒక్కరు కూడా ఉప్పు తక్కువైందని అనలేదు.