నేనే అన్న గొంతు

కొండకూ ఏటికీ మధ్య ఇరుక్కుని ఉండేది గొళ్లెంపాడు. శిలావతీ రాజ్యంలో అంతకంటె చిన్న పట్నం లేదు. నూరిళ్లు, నలభై చిల్లర కొట్లు, అంతే. అలాంటి ఊరికి ఎక్కడా వినని దొంగల బెడద వచ్చిపడింది. దొంగతనాలు జరిగేది పట్టపగలు, భోజనాలయి వీధి సద్దుమణిగిన వేళ. తాళం పగిలేది కాదు, గోడకు కన్నం పడేది కాదు. ఇల్లు మాత్రం ఊడ్చిపెట్టినట్టు ఖాళీ అయిపోయేది.

గాజుల కొట్టు నాంచారమ్మ రాజు ధర్మసేనుడి ముందు నిలబడి భోరున ఏడ్చింది. "తలుపు నేనే తీశాను దొరా! జాతరకెళ్లి మూడు నెల్లయినా తిరిగిరాని మా ఆయన బయటినుంచి పిలిచాడు. ఎవరూ అన్నాను. నేనే అన్నాడు. ఆ గొంతు నాకు తెలీదా? తీసి చూస్తే మనిషి లేడు. చల్లగాలి ఒకటి నన్ను తోసుకుని లోపలికొచ్చింది. కళ్లు తెరిచేసరికి కొట్లో ఒక్క గాజు లేదు."

మిగిలినవాళ్ల కథలూ అలాంటివే. ఊరు దాటి వెళ్లినవాడు తిరిగిరాడు. అతని గొంతు మాత్రం వచ్చి, ఎదురుచూసే ఇంటిని దోచుకుపోతుంది. ఆ మాయకు జనం 'మారుగొంతు' అని పేరు పెట్టుకున్నారు.

తప్పు ఎవరిదంటారా? పిల్లలూ, మన సంగతి మనకు తెలియనిదా! తలుపు చప్పుడైతే "ఎవరూ?" అంటాం. బయటివాళ్లు దర్జాగా "నేనే" అంటారు. లోకంలో ప్రతివాడూ నేనే. పేరు చెప్పడానికి నోరు రాదు, అడగడానికి మనకు మొహమాటం. మారుగొంతుకు అంతకంటె ఏం కావాలి?

రాజు దండోరా వేయించాడు. "నేనే అన్నవాళ్లకు, కన్నతండ్రి అయినా సరే, తలుపు తీయరాదు!"

ఆ ఊళ్లో తాళాలు చేసే మౌనాచారి కూతురు అపరంజి. తల్లి లేని పిల్ల. కొలిమి దగ్గరే పెరిగింది. మౌనాచారి తాళం పూర్తిచేయగానే చిన్న సుత్తితో దానిమీద రెండుసార్లు తట్టి, కాస్త ఆగి, మరోసారి తట్టేవాడు. టక్ టక్... టక్. లోపలి మీటలు సరిగా కూర్చున్నాయో లేదో ఆ చప్పుడులో వినేవాడు. అపరంజి వంటింట్లో ఉండి ఆ చప్పుడు విని, "కుదిరిందా నాన్నా?" అని కేకేసేది.

ఊరందరికీ గట్టి తాళాలు చేయడానికి ఇనుము కావాలని మౌనాచారి కొండకు బయలుదేరాడు. "నేనొచ్చేదాకా ఎవరికీ తలుపు తియ్యకు తల్లీ" అని పదిసార్లు చెప్పాడు. ఎనిమిది రోజులైంది. తొమ్మిదోనాటి మధ్యాహ్నం కుండపోతగా వాన. తలుపు చప్పుడైంది.

"ఎవరూ?"

"నేనేనమ్మా అపరంజీ. తలుపు తియ్యి. తడిసిపోతున్నాను."

అపరంజి చెయ్యి గడియ మీదికి వెళ్లి ఆగిపోయింది. ఆ గొంతు నాన్నదే. నాంచారమ్మ విన్నదీ ఆమె భర్త గొంతే కదా! ఆమె చెవులు మూసుకుంది. బయటినుంచి మరో రెండుసార్లు పిలుపు వచ్చింది.

"సరేలే అమ్మా" అంది చివరికి ఆ గొంతు, మెల్లగా. "మంచి పని చేశావు."

వాన వెలిశాక తలుపు తీసి చూస్తే అరుగు మీద ఇనుప ముక్కల సంచి ఉంది. సంచిలో నాన్న చిన్న సుత్తి ఉంది. బురదలో ఎడమకాలు ఈడ్చి నడిచే ఆయన అడుగుల గుర్తులున్నాయి. వాటిని తొక్కుకుంటూ మూడు గోళ్ల జాడలు అడవివైపు వెళ్లాయి. వచ్చింది నాన్నే. ఆయన్ను బయట నిలబెట్టి మారుగొంతుకు అప్పగించింది తనే.

ఆ సుత్తితో ఒక్కసారి టక్ టక్... టక్ అని తట్టి ఉంటే అపరంజి పరుగున వచ్చి తలుపు తీసేది. ఆ సంగతి ఆయనకు తట్టలేదు. అడగాలని ఈమెకూ తట్టలేదు. అపరంజి గడప మీద కూలబడి, గుండెలు బాదుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి లేచి, సుత్తి కొంగున కట్టుకుని, గోళ్ల జాడ పట్టుకుని అడవిలోకి నడిచింది.

రెండు రోజులు నడిచాక ఒక గుడిసె కనిపించింది. దాహంతో నాలుక పిడచకట్టుకుపోయి తలుపు తట్టింది.

"ఎవరూ?" అంది లోపలినుంచి ఒక ముసలి గొంతు.

"నేనే" అంది అపరంజి.

ఇంత జరిగాక కూడా! అలవాటు అంత పాడుది మరి.

"నేనే అంటే ఎవరే? పేరు లేదూ? అమ్మా అయ్యా లేరూ?" అని లోపలి అవ్వ మండిపడింది. అపరంజి సిగ్గుపడి తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు, వచ్చిన పని చెప్పింది. అప్పుడు తలుపు తెరుచుకుంది.

ఆ అవ్వ పేరు సింగమ్మ. మంత్రాలు తెలిసినది. ఆమె నీళ్లిచ్చి పక్కన కూర్చుంది. "నల్లకొండ గుహలో ఉంటుందమ్మా అది. పట్టుకుపోయినవాళ్ల గొంతులు సొరబుర్రల్లో బిగించి, మనుషుల్ని రాళ్లలా పడేస్తుంది. బుర్ర పగిలితే గొంతు మనిషిని చేరుతుంది. బుర్ర కాలిపోతే గొంతూ కాలిపోతుంది. దానికి సొంత పేరు లేదు. ఎవరూ అడగలేదు కాబట్టే బతుకుతోంది. ఎదురుగా నిలబడి మూడుసార్లు పేరడుగు. చెప్పలేక చస్తుంది. కానీ జాగ్రత్త, అది మాట్లాడేటప్పుడు పొరపాటున 'ఊఁ' అన్నావో, నీ గొంతూ బుర్రలోకే."

"మీకు ఇదంతా ఎలా తెలుసవ్వా?"

"నా కొడుకు గొంతుకి నేను 'ఊఁ' అనలేదు కానీ, తలుపు తీశాను" అంది సింగమ్మ.

నల్లకొండ గుహ ముందు గొలుసుతో కట్టేసిన ఎలుగుబంటి ఒకటి లేచి నిలబడింది. "లోపలికి వెళ్లేవాళ్లను చీల్చమని నాకు ఆజ్ఞ" అంది విసుగ్గా. "ఆకలితో లేవలేకపోతున్నాను. నువ్వే కాస్త దగ్గరికి రా."

అపరంజికి భయం వేసింది. కానీ దాని మెడ దగ్గరి తాళం చూసేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. "అది మా నాన్న చేసిన తాళం! నూనెగానుగ వాళ్ల కొట్టుది!"

"ఎవరు చేస్తేనేం, మెడ కోసుకుపోతోంది."

"కదలకుండా ఉంటే తీస్తాను."

తాళానికి చెవి ఆనించి సుత్తితో తట్టింది. టక్ టక్... టక్. రెండో మీట వదులుగా ఉందని చప్పుడు చెప్పింది. జడపిన్నుతో దాన్ని పక్కకు నెట్టగానే గొలుసు ఊడిపడింది. ఎలుగు మెడ తడుముకుని దారి వదిలింది.

గుహలో పెద్ద నెగడు మండుతోంది. గాజులు, బిందెలు, మగ్గాలు, గానుగ రోళ్లు గుట్టలుగా పడి ఉన్నాయి. వాటి పక్కన ముప్పైమంది మనుషులు రాళ్లలా పడి ఉన్నారు. చివరివాడు మౌనాచారి. పంచెకు ఎండిన బురద. పైన కప్పుకు వేలాడే సొరబుర్రలన్నీ ఒక్కసారిగా "నేనే, నేనే, నేనే" అన్నాయి.

నెగడు వెనకనుంచి మారుగొంతు వచ్చింది. దానికి ముఖం లేదు. సున్నం రాలిపోయిన గోడలా ఉంది.

"ఎవరూ?" అంది అపరంజి.

"నేనే" అంది అది, నాంచారమ్మ భర్త గొంతుతో.

"నేనే అంటే ఎవరు? నీ పేరేమిటి?"

మారుగొంతు తడబడింది. దాని కాళ్లు మోకాళ్లదాకా పొగలా కరిగిపోయాయి. వెంటనే మరో గొంతు అందుకుంది. "నేనేనమ్మా, అపరంజీ. తడిసిపోతున్నాను. వింటున్నావా తల్లీ?"

'ఊఁ' అనే మాట ఆమె గొంతుదాకా వచ్చింది. పెదవి రక్తం వచ్చేలా కొరుక్కుంది.

"నీ పేరేమిటి?" అంది రెండోసారి.

అది నడుందాకా కరిగింది. అప్పుడది కప్పునుంచి ఒక బుర్రను తెంపి మంట మీద పట్టుకుంది. "ఇది మీ నాన్న గొంతు. మూడోసారి అడగకు. ఇది నీకిచ్చేస్తాను, ఆయన్ను తీసుకుని వెళ్లిపో. తక్కినవాళ్లు నీకేమవుతారు? అడిగావంటే మాత్రం ఇది బూడిదే."

అపరంజి తండ్రి ముఖం చూసింది. ఆ పక్కనే పడి ఉన్న ఇరవైతొమ్మిది ముఖాలూ చూసింది. ఇరవైతొమ్మిది ఇళ్లలో తనలాంటివాళ్లు తలుపు వెనక నిలబడి ఉన్నారు. ఈయన ఇనుము కోసం కొండకు వెళ్లింది వాళ్ల ఇళ్ల కోసమే. తన తండ్రి గొంతు మళ్లీ వినాలని ఆమెకు ఎంత ఆశగా ఉందో చెప్పడానికి నాకు మాటలు చాలవు. ఏడుస్తూనే నోరు తెరిచింది.

"నీ పేరేమిటి?"

బుర్ర మంటల్లో పడింది. అది కాలిపోయేలోపు లోపలి గొంతు చివరిసారిగా పలికింది.

"సరేలే అమ్మా. మంచి పని చేశావు."

మారుగొంతు పొగై పోయింది. అపరంజి ఒక్కొక్క బుర్రనూ సుత్తితో పగలగొట్టింది. ఒక్కొక్క మనిషీ దగ్గుతూ లేచి కూర్చున్నాడు. అందరికంటె ఆఖరున మౌనాచారి కళ్లు తెరిచాడు. కూతురిని చూసి ఏదో అనబోయాడు. పెదవులు కదిలాయి, చప్పుడు రాలేదు. రెండుసార్లు ప్రయత్నించి ఊరుకున్నాడు. మసి అంటిన బొటనవేలితో ఆమె కళ్లు తుడిచాడు.

దోపిడీసొమ్ము సగం ఎలుగే మోసింది. గొళ్లెంపాడు పండగ చేసుకుంది. ధర్మసేనుడు అపరంజికి రాజ్యమంతటికీ కావలి పెద్దగా పదవి ఇచ్చి, "ఇంకేం కావాలో కోరుకో" అన్నాడు.

"ప్రతి ఇంటికీ, ప్రతి కొట్టుకీ తలుపు కొట్టే గుర్తుగా తనదంటూ ఒక తట్టు ఉండాలి ప్రభూ" అంది అపరంజి. "ఆ ఇంటివాళ్లకు తప్ప మరొకరికి తెలియకూడదు. తట్టు కుదిరాకే గడియ తీయాలి."

అలాగే చట్టమైంది. ఆ తరువాత గొళ్లెంపాడులో దొంగలు పడలేదు. మీరూ ఇంటికి వెళ్లాక మీ తట్టేమిటో అమ్మానాన్నలతో కూర్చుని తేల్చుకోండి.

ఊరికి బెంగ తీరింది. అపరంజికి తీరలేదు. ఇంట్లో కొలిమి చప్పుడు ఉంది, మాట లేదు. ఒకనాటి మధ్యాహ్నం మౌనాచారి ఎక్కడికో వెళ్లాడు. చూస్తుండగానే వాన పట్టుకుంది. తలుపు దగ్గర అలికిడైంది.

"ఎవరూ?" అంది అపరంజి అలవాటుకొద్దీ. అన్నాక గుర్తొచ్చి నోరు మూసుకుంది. ఆయన ఏమని చెబుతాడు?

బయట వాన కురుస్తూనే ఉంది.

టక్ టక్... టక్.

ఆమె పరుగెత్తింది. తలుపుకు తలపాగా తగిలేంత దగ్గరగా, నిలువునా తడిసి, చేతిలో చిన్న సుత్తితో ఆయన నిలబడి ఉన్నాడు.

"తీశాను నాన్నా" అంది అపరంజి వెక్కుతూ. "ఇదిగో, తలుపు తీశాను."