మొక్కు పొట్టేలు

"ఇదొక్కటే!" అని అరిచేసింది డాక్టర్ వకుళ.

మిషన్ తెర మీద ఆకుపచ్చ గీత వెలిగింది. అప్పటికి ఆ మండలంలో నాలుగు వందల పన్నెండు గొర్రెల ఉన్ని పరీక్షించారు, అన్నిటికీ ఎరుపే.

మిషన్ పేరు 'జాడ'. ఎండోక్రైన్ డిస్రప్టర్లనే రసాయనాలు హార్మోన్ల వేషం కట్టి ఒంట్లోకి దూరతాయి. ఒళ్ళు వాటిని నమ్మేస్తుంది. ఇంకేముంది, గొర్రెలకు చూలు నిలవదు, పుట్టిన పొట్టేలు పిల్లలకు వృషణాలు దిగవు. చిటికెడు ఉన్ని వేస్తే ఏ రసాయనం ఎన్ని నెలలుగా చేరిందో జాడ చెబుతుంది; చేరితే ఎరుపు, లేకపోతే ఆకుపచ్చ. ఎక్కడి నుంచి చేరిందో మాత్రం చెప్పదు. అది మనుషులు వెతుక్కోవాలి, ఆ ఓపిక ఉంటే.

ఆకుపచ్చ వచ్చిన ఆ పొట్టేలు కురుమ బీరవ్వది. కులదైవం బీరప్పకు మొక్కింది కాబట్టి మందతో పాటు వాగుకు తోలరు. ఇంటి దగ్గరే మేత, మట్టి గోలెంలో బావి నీళ్ళు. ఆమె మందలో రెండేళ్ళుగా ఒక్క పిల్లా బతకలేదు.

"ఎల్లుండే పండుగ. దేవుని జీవాన్ని మీకెట్లిస్త?" అంది బీరవ్వ.

"దీన్ని కోస్తే మీ మంద ఇంతటితో సరి అవ్వా. దీని రక్తంలోనే ఏదో బలం ఉంది. దీని పిల్లలతో మంద మళ్ళీ నిండుతుంది."

బీరవ్వ కళ్ళు మూసుకుని దేవుడికి దండం పెట్టి, పలుపు వదిలింది. "గోలెం సుత తీస్కపోండ్రి. దానికి అండ్లనే తాగుడు అలవాటు."

వకుళతో వచ్చినవాళ్ళందరూ నవ్వారు. గోలెం అక్కడే వదిలేసి, ఆమెకు బహుమతిగా పెద్ద నీలం ప్లాస్టిక్ ట్యాంకు పంపించారు. చదువుకున్నవాళ్ళ తొందరంటే నాకెప్పుడూ భయమే.

వకుళ పనిచేసే పశు పరిశోధన సంస్థలో పొట్టేలుకు ఏసీ షెడ్డు, మెత్తటి ప్లాస్టిక్ పరుపు, ప్లాస్టిక్ పైపులో నీళ్ళు. తొంభై రోజుల క్వారంటైన్ దాటాకే వీర్యం తీయాలని నిబంధన. తొంభై ఒకటో రోజు చూస్తే కదిలే కణం ఒక్కటీ లేదు. ఉన్ని వేస్తే జాడ ఎర్రగా వెలిగింది. ఆ రసాయనాలు ప్లాస్టిక్‌లోంచీ ఊరతాయి. వకుళ పరుపునూ పైపునూ అప్పుడు చూసింది, తొంభై రోజులుగా రోజూ చూస్తున్నవే.

పొట్టేలును తీసుకుని బీరవ్వ ఇంటికి పరుగెత్తింది.

"తప్పు నాదే అవ్వా. బలం దీని రక్తంలో లేదు, మీ గోలెంలో ఉంది. అదెక్కడ?"

"ట్యాంకొచ్చినంక అదెందుకని పలగ్గొట్టి, దాని కింద గద్దెకేసినం."

ఎండకు కాగుతున్న నీలం ట్యాంకు కింద ఎర్రటి పెంకులు కనిపించాయి. ఇంతలో బీరవ్వ కోడలు, ఏడో నెల కడుపుతో, డాక్టరమ్మకని ఆ ట్యాంకులోంచే చెంబుతో నీళ్ళు ముంచి తెచ్చింది.

వకుళ చెంబు అందుకుంది, తాగలేకపోయింది. బీరవ్వ చెంబు వంకా కోడలి వంకా మార్చి మార్చి చూసింది.

"డాక్టరమ్మా," అంది మెల్లగా, "గా మిషన్ల మనిషి ఎంట్రుక పెట్టొచ్చునా?"