బటన్ నొక్కిన చెయ్యి

అన్యాయం ఎవరికి జరిగింది? మత్తు డాక్టరమ్మకు. ఎలా జరిగింది? ఆసుపత్రి సమావేశంలో, అందరి ఎదుటా, ఎముకల విభాగపు కుర్ర డాక్టరు ఆమెను అజాగ్రత్త మనిషి అన్నాడు. విచారించకుండానే అన్నాడు.

మోకీలు మార్పిడి తర్వాతి నొప్పికి మార్ఫిన్‌ను ఏ దారిన ఇస్తే మేలో ఆమె పోల్చి చూస్తోంది. కొందరికి ఆపరేషన్ వేళ వెన్నులో ఒక్క ఇంజెక్షన్. మరికొందరికి చేతి నరానికి కలిపిన పంపు. నొప్పి వేసినప్పుడు రోగి బటన్ నొక్కితే మందు కొద్దిగా వెళుతుంది. నిద్రపోయిన మనిషి నొక్కలేడు కనుక మందు మితిమీరదు. పంపు పెట్టినవారిలో కుర్ర డాక్టరు అమ్మమ్మ ఉంది.

ఆపరేషన్ మర్నాడు లేచి నిలబడవలసిన ఆవిడ కళ్ళే తెరవలేదు. శ్వాస మందగించడం డాక్టరమ్మే గమనించి, పంపు ఆపి, ఆవిడ తేరుకునేదాకా మంచం దగ్గరే కూర్చుంది. అయినా మనవడు సమావేశంలో మోతాదు తప్పిందన్నాడు. పరిశీలన ఆగిపోయింది.

ఆ సాయంత్రం మాత్రలతో తగ్గని నొప్పికి అమ్మమ్మ మూలుగుతూంటే తాతయ్య విసుక్కున్నాడు.

“ఆ బటన్ ఎందుకు పట్టుకుపోయార్రా? అదున్న రాత్రి మీ అమ్మమ్మ నిద్రలో కాస్త మూలిగినా నేనే నొక్కేసేవాణ్ణి.”

“నువ్వా? రోగి తప్ప ఎవరూ ముట్టుకోకూడదని చెప్పారు కదా తాతయ్యా.”

“పరాయివాళ్ళకి చెప్పారనుకున్నా. ఇన్నేళ్ళు కాపురం చేసిన నేను పరాయివాణ్ణా?”

“చంపినంత పని చేసి, మళ్ళీ మురిపెం ఒకటి,” అంది అమ్మమ్మ. ఆయన చెయ్యి మాత్రం వదల్లేదు.

మనవడు పెద్ద డాక్టరుకు నిజం చెప్పి పరిశీలన మళ్ళీ మొదలు పెట్టించాడు. తర్వాత డాక్టరమ్మను మెట్ల దగ్గర ఆపాడు. కిటికీ మీద వాన దరువేస్తోంది. తడబడుతూ క్షమాపణ చెప్పాడు. అమ్మమ్మ పక్కన ఆమె కూర్చున్న తీరు చూసి మనసు పారేసుకున్నాననీ, పెళ్ళి మాట అడగాలని ఉందనీ అదే ఊపులో చెప్పేశాడు.

“నింద అందరి ముందూ వేసి, క్షమాపణ మెట్ల మీద చెబుతారా? ముందు ఆ బాకీ తీర్చండి. తర్వాత మాట్లాడదాం,” అందామె. కంటి చివర నవ్వు వానకు తడిసినట్టు మెరిసింది.

పెద్ద డాక్టరు ప్రయాణాలతో సమావేశం వాయిదాల మీద వాయిదాలు పడింది. క్యాంటీన్‌లో ఆమె అతణ్ణి బాకీదారుగారూ అని పిలిచేది. అతను పలికేవాడు.

చివరికి సమావేశం జరిగింది. మొదటి రోజు నొప్పిని తగ్గించడంలో వెన్ను ఇంజెక్షనే మెరుగనీ, దురద, వాంతులు మాత్రం దానితోనే ఎక్కువనీ ఆమె దాచకుండా చెప్పింది. వెన్ను ఇంజెక్షన్ గొప్పదని మొదటినుంచీ వాదించిన కుర్ర డాక్టరు వైపు అందరూ చూశారు. అతను లేచాడు.

“ఆ రోజు ఆమె లెక్క తప్పలేదు. బటన్ నొక్కింది మా తాతయ్య. ఆరా తీయకుండా నింద వేసింది నేను. ఇదే గదిలో అన్నాను, ఇదే గదిలో వెనక్కి తీసుకుంటున్నాను. క్షమించండి.”

ఆమె కాగితాలు సర్దుకుంది. “ఇప్పుడు అడగండి.”

“ఇక్కడా?”

“నింద ఇక్కడే వేశారుగా.”

అడిగాడు. ఆమె సరేనంది. పాత బాకీ అణువంతైనా మిగలకుండా చెల్లిపోయింది.