మోకాలి వెనక ఆగిన చెయ్యి

"లెక్కల మేడమ్‌ని ఇవాళ చంపుతారు," అన్నాడు గూఢచారి శాఖ పెద్దాయన, టీ కప్పు కింద పెట్టకుండానే.

ఏజెంట్ డేగ కుర్చీలో ముందుకి జరిగాడు. సైన్యం వాడే కోడ్ మొత్తం ఆవిడ బుర్రలోనే ఉంది. కాగితం మీద లేదు, కంప్యూటర్‌లో లేదు. ఆవిడ పోతే సరిహద్దులో ఉన్న నలభై వేల మందికి కబురు అందదు.

"ఎవరు చెప్పారు సార్?"

"ముత్యం."

ముత్యం అంటే విదేశీ ముఠాలో మూడేళ్ళుగా పనిచేస్తున్న మన మనిషి. చూస్తే సినిమా తార, నోరు విప్పితే తేనె. ఆమె మీద డేగకి కాస్త ఇష్టం కూడా ఉంది. పైకి చెప్పుకోలేదు, అంతే.

"ఆస్పత్రికి వెళ్ళే దారిలో కారు మీద దాడి జరుగుతుందట. గార్డులందర్నీ రోడ్డు మీద పెట్టాను. నువ్వు పేషెంటుగా లోపల ఉండు."

"నేనా?"

"నీ కాళ్ళకీ ఆవిడ జబ్బే కదయ్యా! మేకప్ ఖర్చు మిగిలింది."

పెద్దాయనకి హాస్యం ఎక్కువ, జాలి తక్కువ. కాళ్ళలో రక్తనాళాలు పూడుకుపోయి, వంద అడుగులు వేస్తే చాలు డేగ పిక్కలు పట్టేస్తున్నాయి. "అశ్రద్ధ చేస్తే కాలు తీసెయ్యాలి" అని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచీ డేగకి కంటి మీద కునుకు లేదు. తుపాకులకి బెదరని మనిషి, పాదం చల్లబడితే చాలు బెదిరిపోతున్నాడు.

పదకొండింటికి డేగ, లిఫ్టు పనిచెయ్యక మూడంతస్తులు మెట్లెక్కి, థెరపీ గదిలో బల్ల మీద పడుకున్నాడు. ఒంటిమీద ఆస్పత్రి గౌను. పెన్నులో దాచిన పిస్టల్ ప్యాంటు జేబులో ఉంది, ప్యాంటేమో తలుపు పక్కన కొక్కేనికి ఉంది. చేతికి మాత్రం సిగ్నల్ పంపే వాచీ మిగిలింది. ఇదేం ఖర్మరా బాబూ అనుకున్నాడు.

టెక్నీషియన్ అమ్మాయి పిక్క మీద జెల్ పూసి, మెషిన్ తలని గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టింది. "కత్తీ లేదు, కుట్లూ లేవు బాబాయ్ గారూ. ఈ అల్ట్రాసౌండ్ తరంగాలకి లోపల రక్తం మెల్లగా దారి చేసుకుంటుంది."

"నొప్పి పుడుతుందా తల్లీ?"

"చెయ్యి తిరుగుతున్నంతసేపూ ఏం కాదు. ఫోనొచ్చినా, తుమ్మొచ్చినా మేం చెయ్యి ఆపం. ఆపితే ఆ చోటే కాలుతుంది."

అంతలో పక్క తెర వెనక్కి లెక్కల మేడమ్ వచ్చి పడుకుంది. దారిలో ఏమీ జరగలేదన్నమాట! డేగ హమ్మయ్య అనుకున్నాడు. మేడమ్ దగ్గరికి మరో టెక్నీషియన్ వచ్చింది. మాస్కు, తెల్లకోటు.

"పెద్ద డాక్టరుగారు నిన్ను పిలుస్తున్నారు," అందామె అమ్మాయితో గుసగుసగా. అమ్మాయి మెషిన్ ఆపేసి వెళ్ళిపోయింది.

తెర అవతల జెల్ చప్పుడు మొదలైంది. పిసపిస, పిసపిస. ఉన్నట్టుండి ఆగిపోయింది.

డేగ చెవులు రిక్కించాడు. ఒక సెకను. రెండు. మూడు. చెయ్యి కదలడం లేదు.

"అమ్మా, మోకాలి వెనక మండుతోంది," అంది మేడమ్.

"మామూలేనండీ. కాస్త ఓర్చుకోండి."

ఆ గొంతుని డేగ ఇట్టే గుర్తుపట్టాడు. ముత్యం! రోడ్డు మీద దాడి ఉత్తి బూటకం. గార్డులందర్నీ బయటికి పంపించి, ఇక్కడ ఆవిడ రక్తనాళాన్ని కాల్చేస్తోంది. అది పగిలితే ప్రాణం పోతుంది, రేపు అందరూ వైద్యం వికటించిందనుకుంటారు.

వాచీ నొక్కాడు. గార్డులు రావడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. మేడమ్‌కి అంత టైమ్ లేదు. అరిస్తే ముత్యం కాల్చేస్తుంది. తెర సందులోంచి చూస్తే మెషిన్ మీద అంకె ఎర్రగా ఎగబాకుతోంది. పవర్ హద్దు దాటకుండా ఆపే లాక్ తీసేసింది! తొంభై ఒకటి, తొంభై నాలుగు...

"అమ్మో, చచ్చిపోతున్నాను!" అంది మేడమ్.

డేగ బల్ల దిగాడు. మూడంతస్తులు మెట్లెక్కిన పిక్కలు ఒక్కసారిగా పట్టేశాయి. బోర్లా పడ్డాడు. కళ్ళెదురుగా, తన బల్ల కిందే, రెండు మెషిన్లకీ కలిపి ఒకే స్విచ్ బోర్డు! తొంభై తొమ్మిది అంటుండగా రెండు ప్లగ్గులూ పీకి పారేశాడు.

మెషిన్ చచ్చింది. తెర జర్రున పక్కకి జరిగింది. ముత్యం చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్టల్.

"నువ్వా!" అంది. "పాపం, పరిగెత్తలేవుగా."

డేగ చేతికందిన జెల్ సీసాని నేల మీదికి గట్టిగా పిండాడు. పగలంతా నిలబడి పనిచేసే వాళ్ళెవరూ హైహీల్స్ వేసుకోరు. ముత్యం వేసుకుంది. ఒక్క అడుగు వేసి దభాలున పడింది. గుండు సీలింగ్‌లోకి పోయింది, పిస్టల్ బల్ల కిందికి పోయింది. పరిగెత్తలేని మనిషి చెయ్యగలిగిన పని ఒక్కటే. పాక్కుంటూ పోయి ఆమె మీద కూర్చున్నాడు.

గార్డులు వచ్చి లేపేదాకా లేవలేదు. భయంతో కాళ్ళు చచ్చుబడిపోయాయని ఎవరికీ చెప్పలేదు. మేడమ్ మోకాలి వెనక రూపాయి బిళ్ళంత బొబ్బ లేచింది. నాళం మాత్రం దక్కింది.

టెక్నీషియన్ అమ్మాయి నేల తుడిపించి, ప్లగ్గు పెట్టి, మెషిన్ తల చేతిలోకి తీసుకుంది.

"బాబాయ్ గారూ, మీకింకా ఆరు నిమిషాలు మిగిలాయి. కాలు చాపండి."

డేగ రెండు కాళ్ళూ గౌనులోకి ముడుచుకున్నాడు.

"ముందు మేడమ్‌కి కానివ్వు తల్లీ," అన్నాడు.